కిటికీ దిక్కు ఒంగిన తీజ్

ముందే చెబుతున్నాను, ఇందులో అక్షరాల తప్పులు ఉంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ ఒక్కోసారి తెలియదు. రాసింది తుడిచి మళ్లీ రాస్తూ పోతే ఒక్క పేజీకి ఒక పూట పట్టింది. అందుకు మన్నించండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను.

మాది టేకులపల్లి మండలంలో అడవి అంచున ఉన్న తునికిగట్టు తండా. మా ఆయన పోయిన రెండేళ్లకు తండా బడిలో మధ్యాహ్నం వంట పని నాకు దొరికింది. ఏడో తరగతి దాకా అరవై నాలుగు మంది పిల్లలు, ఇద్దరు సార్లు. నేను చెప్పేది 2007 శ్రావణం నాటి మాట.

అంతకు ముందు ఏడాది మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు సైన్సు పాఠాల సీడీలు ఒక డబ్బా నిండా వచ్చాయి. వెనక గదిలో పెట్టి, దుమ్ము పడకుండా కిటికీలన్నీ మూసి, గాలి కోసం ఒక్కటి తెరిచి ఉంచారు. ఆ గది తాళంచెవి నా కొంగుకు ఉండేది. పొద్దున అందరికంటే ముందు వచ్చేదీ, సాయంత్రం అందరి తర్వాత వెళ్లేదీ నేనే కదా. పగలు పిల్లలు సీడీలు చూసేవారు. సాయంత్రం కరెంటు ఉంటే అదే కంప్యూటర్ ముందు మేం ఆడవాళ్లం తొమ్మిదిమంది కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్లం. తెర మీద అక్షరం దానంతట అదే గీసుకుంటూ పోయేది. మేం పలక మీద దాని వెంట పడేవాళ్లం. యాభై రెండేళ్లకు నా పేరు నేను చదువుకున్నది ఆ తెర మీదే.

సైన్సు చెప్పే రవికుమార్ సార్ మా లంబాడి పిల్లవాడే, పక్క మండలం తండాలో పుట్టాడు. నన్ను యాడీ అని పిలిచేవాడు. మా మాటలో యాడి అంటే అమ్మ. పిల్లలకు నేను దాదిని, అంటే నాయనమ్మను.

ఆషాఢం చివర్లో జిల్లా నుంచి ఉషారాణి మేడం అనే ఆఫీసర్ కంప్యూటర్ చూడటానికి వచ్చింది. పిల్లల్ని నిలబెట్టి, "మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయి?" అని అడిగింది. ముప్పైమంది ఒక్క గొంతుతో, సీడీలో పాఠం చెప్పే ఆవిడ లాగే, పత్రహరితం దగ్గర మొదలుపెట్టి ప్రాణవాయువు దాకా ఊపిరి తీయకుండా చెప్పారు. సీడీలో ఆ మాట చివర టింగ్ అని గంట మోగుతుంది. పిల్లలు ఆ టింగ్ కూడా అన్నారు.

మేడం నవ్వలేదు. "ఎప్పుడైనా మీ కళ్లతో చూశారా?" అంది.

"చూసినం మేడం. తెర మీద."

"బయట?"

పిల్లలు గుమ్మం దిక్కు చూశారు. బయట అంతా అడవే.

మేడం రవికుమార్ సార్‌ను పక్కకు పిలిచింది. నేను గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతున్నాను కాబట్టి అంతా వినపడింది. "ఇంతకుముందు పుస్తకం బట్టీ పట్టేవారు, ఇప్పుడు సీడీ బట్టీ పట్టారు. అక్కడ హైస్కూల్లో ఒక్క కంప్యూటర్ ముందు తొంభైమంది నిలబడి చూస్తున్నారు సార్. నెల తర్వాత మళ్లీ వస్తాను. ఈ కంప్యూటర్ పెట్టుకుని మీ పిల్లలు వాళ్ల చేత్తో చేసిన సైన్సు ఒక్కటి చూపించండి. లేకపోతే దీన్ని హైస్కూలుకు పంపిస్తాను."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆ కంప్యూటర్ పోతే పిల్లల సైన్సు పోతుంది. నేను ఇంకా గుణింతాల్లోనే ఉన్నాను, నా చదువూ అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా నాకు గుర్తులేదు. పిల్లలు ఏమీ అనలేదు కాబట్టి వేసే ఉంటాను.

వారం తర్వాత రవికుమార్ సార్ ఒక చిన్న డిజిటల్ కెమెరా తెచ్చాడు, సొంత డబ్బుతో కొన్నది. మొక్క కదలడం మనకు కనపడదు, మెల్లగా కదులుతుంది కాబట్టి. గంటకొక ఫోటో తీసి, అన్నీ కంప్యూటర్లో వేసి గబగబా తిప్పితే, మొక్క కదలడం కళ్లారా కనిపిస్తుంది. అది సార్ ఆలోచన. మూలన బల్ల మీద మొక్క, పక్కన ఒక్క కిటికీ. మొక్క వెలుతురు దిక్కు పోతుందా లేదా, పిల్లలే చూసి చెప్పాలి.

"ఏ మొక్క పెడదాం?" అని సార్ అడిగితే, ఏడో తరగతిలో ఉన్న నా మనవరాలు కమ్లి చెయ్యెత్తింది.

"తీజ్ పెడదాం సార్. ఎట్లాగూ ఈ వారమే గోధుమలు నానబెడుతున్నం."

తీజ్ అంటే మా పండుగ పేరూ, ఆ పండుగకు మొలకెత్తించే గోధుమ నారు పేరూ. పెండ్లికాని ఆడపిల్లలు ఒక్కొక్కరు ఒక్కో వెదురుబుట్టలో పుట్టమన్నూ ఎరువూ పోసి, నానిన గోధుమలు చల్లుతారు. తండా మధ్యలో మంచె కట్టి బుట్టలన్నీ దాని మీద పెడతారు. తొమ్మిది రోజులు పూటపూటకూ పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. తొమ్మిదో రోజు వాగులో కలుపుతారు. నారు ఒత్తుగా, నిటారుగా వస్తే ఆ పిల్లకు మంచి ఇల్లు దొరుకుతుందని అంటారు.

బుట్టను బడికి తీసుకుపోవాలంటే నాయక్ ఒప్పుకోవాలి. పూల్‌సింగ్ నాయక్ మా తండా పెద్ద. కమ్లిని వెంటబెట్టుకుని నేనే వెళ్లి అడిగాను. ఆయన మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"దేవి బుట్ట మంచె దిగి బడికి పోతదా?" అన్నాడు. "రేపు దేవిని ఒకటో తరగతిల చేర్పిస్తరా ఏంది?"

"చేర్పిస్తం తాతా," అంది కమ్లి. "మధ్యాహ్నం భోజనం కూడా పెడతం."

నాయక్ చుట్ట నోట్లోంచి తీసి దాన్ని చూశాడు, కమ్లిని చూశాడు. "నీ మనవరాలికి నోరు నీదే వచ్చింది హేమ్లీ," అన్నాడు. "సరే. గానీ పాట ఆగొద్దు. ఆడపిల్లలందరు బడికి పోయి గూడ పాడాలె. నీళ్లు వాళ్లే పోయాలె. తొమ్మిదో దినం మంచె మీద బుట్టలతో పాటు వాగుకు రావాలె. ఇంకో మాట. వంకర మొలిచిందనుకో, ఈ పిల్ల పెండ్లి మాటకు నా గుమ్మం ఎక్కొద్దు."

కమ్లి నవ్వింది. నేను నవ్వలేదు.

బుట్ట వెనక గదిలో బల్ల మీదకు వచ్చింది. కమ్లి దాని అంచుకు కిటికీ వైపు ఎర్ర ఊలు కుచ్చు కట్టింది, మిగతా బుట్టల్లో కలవకుండా. ఎదురుగా ఇంకో బల్ల మీద కెమెరాను సైకిల్ ట్యూబు ముక్కతో కదలకుండా కట్టారు. మెరుపు రాకుండా దాని ఫ్లాష్ మీద నల్ల టేపు అతికించారు. రెండో రోజు పొద్దున్నే సార్‌కు ఖమ్మంలో వారం రోజుల ట్రైనింగ్ అని కబురు వచ్చింది. హెడ్మాస్టర్ అయిన పెద్దసార్ కెమెరా ముట్టుకోనని ముందే చెప్పేశాడు. రోజంతా బడిలో ఉండేది ఇక నేనే.

"యాడీ, ఇగో ఈ బటన్," అని రవికుమార్ సార్ చూపించాడు. "పొద్దుగాల ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకోసారి. ఇది ఆన్, ఇది నొక్కుడు, మల్ల ఆఫ్. సెల్లులు అయిపోతే డబ్బాల కొత్తవున్నయి. వేరే బటన్లు ముట్టొద్దు."

"నొక్కితే పేలదు గద సార్?"

"పేలదు. కింద పడేస్తే నా జీతం పేల్తది. బుట్టను గూడ ఎవ్వరు కదపొద్దు. నువ్వు కాపలా."

"నేను ముట్ట సార్. నేను ముట్టొద్దు గూడ."

అది నిజమే. మొగుడు పోయిన ఆడది తీజ్ బుట్ట ముట్టుకోకూడదని మా తండాలో పట్టింపు. సార్‌కు ఆ సంగతి తెలుసు. ప్రతి ఫోటోలో ఏ రోజో, ఏ గంటో కనపడాలని ఒక పలక ఇచ్చాడు. దాని మీద "2వ రోజు, 7 గంటలు" అని రాసి బుట్ట పక్కన నిలబెట్టాలి. ఒక్కో గంటకు పలక తుడిచి మళ్లీ రాయడం నాకు పెద్ద పనే. పదకొండు గంటల పలక రాయాలంటే పదిన్నరకు మొదలుపెట్టేదాన్ని. ఒకపక్క అన్నం ఉడికేది, ఒకపక్క నా అంకె ఉడికేది. అయినా ఆ ఎనిమిది రోజుల్లో ఒక్క గంట తప్పలేదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను.

రోజుకు మూడుసార్లు ఆడపిల్లలు చెంబులతో పాడుకుంటూ వచ్చేవారు. లెక్కల పాఠం మధ్యలో వచ్చినా పెద్దసార్ సుద్దముక్క కింద పెట్టి పాట అయ్యేదాకా ఆగేవాడు.

మూడో రోజు తెల్లటి మొనలు మన్ను చీల్చుకుని వచ్చాయి. నాలుగో రోజు సాయంత్రానికి వేలెడు ఎత్తు లేచాయి. లేచినవి లేచినట్టే అన్నీ కిటికీ దిక్కు ఒంగాయి. అది చూసి నీళ్లు పోయడానికి వచ్చిన పిల్లల్లో ఒకతి పక్కదాన్ని గిల్లింది.

"కమ్లీ, నీ తీజ్ ఏందే గట్ల దొంగచూపు చూస్తుంది?"

"కిటికీల నుంచి మొగుడు వస్తడేమో," అంది ఇంకొకతి.

"వస్తే మెడ వంకరోడే వస్తడు!"

అందరూ పడీపడీ నవ్వారు. కమ్లి కూడా నవ్వింది. కానీ ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉండిపోయింది, తినలేదు. "ఒంగాలనే కదా పెట్టింది, సైన్సే కదా," అని నేనంటే, "సైన్సే దాదీ," అని లేచి చెయ్యి కడుక్కుంది. పన్నెండేళ్ల పిల్ల. సైన్సూ కావాలి, నలుగురిలో తలా ఎత్తుకోవాలి.

ఐదో రోజు ఆరు గంటల ఫోటో తీశాక గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నారు ఇంకా ఒంగి ఉంది. ఇంటి చూరు కింద మిరపనారు పెంచేటప్పుడు ఒకవైపు ఒంగితే మట్టిపెంకును రోజూ ఇటుది అటు తిప్పుతాం, సరి అయిపోతుంది. ఎన్నేళ్లుగానో చేసిన పని. చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది, మళ్లీ ఆగింది. ముట్టకూడదు. అప్పుడు వంటగదిలోకి వెళ్లి పప్పు గరిటె తెచ్చాను. దాని కాడ నా చెయ్యంత పొడుగు ఉంటుంది. కాడను బుట్ట అంచుకు ఆనించి మెల్లగా తోస్తే బుట్ట సగం తిరిగింది. నారు తలలు ఇప్పుడు గోడ దిక్కు ఉన్నాయి. ముట్టలేదు కదా అని నాకు నేనే చెప్పుకుని తాళం వేశాను.

మరునాడు మధ్యాహ్నానికి నారు లేచి నిటారుగా నిలబడింది. చూసి ఎంత సంతోషపడ్డానో. సాయంత్రానికి మళ్లీ కిటికీ దిక్కే ఒంగింది. మళ్లీ గరిటె తెచ్చాను. ఆరు, ఏడు, ఎనిమిది రోజులూ అంతే. అది ఒంగడం, నేను తిప్పడం. మధ్యాహ్నం నీళ్లు పోయడానికి వచ్చిన ఆడపిల్లలకు నిటారు తీజ్ కనిపించేది. వెక్కిరింపు ఆగిపోయింది. కమ్లి కడుపునిండా తిన్నది. సార్ చెప్పింది తప్పానని తెలుసు. కానీ ఎవరు చూశారు, బుట్ట ఉన్నచోటే ఉంది కదా అనుకున్నాను. నా ముందే కెమెరా ఉందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. గంటకు ఒకసారే కదా అది కళ్లు తెరిచేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోటో తీశాక కమ్లి బుట్టను నెత్తిన పెట్టుకుని అందరితోపాటు వాగుకు వెళ్లింది. నాయక్ దాన్ని దగ్గరగా చూసి, "బానే ఉంది," అన్నాడు. అంతే అన్నాడు.

సార్ ఆ సాయంత్రమే దిగాడు కానీ కరెంటు లేదు. మరునాడు పది గంటలకు కరెంటూ ఉషారాణి మేడమూ ఒకేసారి వచ్చారు. కెమెరాలోని ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం మేడం ముందే జరిగింది. ఏం వచ్చాయో సార్ కూడా చూడలేదు. గదిలో పిల్లలు, గోడవారగా తల్లులు, మధ్యలో కుర్చీ మీద నాయక్. నేను గుమ్మంలో నిలబడ్డాను.

కమ్లి బాణం గుర్తు మీట నొక్కి పట్టుకుంది. ఫోటోలు ఒకదాని మీద ఒకటి పరుగెత్తాయి. నల్లమన్ను కదిలింది, పగిలింది, తెల్లమొనలు పైకి వచ్చాయి, పచ్చబడ్డాయి, అన్నీ కలిసి కిటికీ దిక్కు తలలు వాల్చాయి. ఐదు రోజుల పని, పది లెక్కపెట్టేలోగా. "ఓహ్హో!" అని నాయక్ కుర్చీలోంచి సగం లేచాడు. నేను కూడా గుమ్మంలోంచి తల చాచి చూస్తున్నాను. ఇదంతా నా వేలే కదా నొక్కింది.

అంతలో ఆరో రోజు వచ్చింది. కిటికీ దిక్కు ఉన్న ఎర్రకుచ్చు ఒక్క దూకుతో గోడ దిక్కుకు వచ్చింది. నారు తలలు గోడను చూశాయి, లేచాయి, మళ్లీ కిటికీకి వాలాయి. మళ్లీ కుచ్చు దూకింది. మళ్లీ గోడ, మళ్లీ కిటికీ. పిల్లలకు భలే అనిపించింది. "ఎగురుతున్నయ్! తీజ్ ఎగురుతుంది!" అని కేకలు పెట్టారు.

రవికుమార్ సార్ ముఖం మాడిపోయింది. "ఆపు కమ్లీ," అన్నాడు. "బుట్ట ఎవరన్నా కదిపిన్రా?"

కమ్లి మీట వదిలేసింది. తెర మీద బొమ్మ ఆగింది. "8వ రోజు, 7 గంటలు" అని నా రాత. దాని పక్కన, బుట్టకు ఆనుకుని, నా పప్పు గరిటె. ముందురోజు సాయంత్రం అక్కడే మరిచిపోయాను.

"అది దాది గరిటె!" అన్నాడు ఒకటో తరగతి పిల్లాడు. వాడికి రోజూ దాంతోనే వడ్డిస్తాను.

గది అంతా నా దిక్కు తిరిగింది. మేడం కూడా తిరిగింది. కంప్యూటర్ పోతుందని నాకు అప్పుడే అర్థమైంది. పోతే నా వల్లే పోతుంది. తల దించుకుని బయటకు వెళ్లిపోవచ్చు, కానీ నా రాతే తెర మీద ఉంది. లోపలికి వచ్చాను.

"అవ్ మేడం, నేనే తిప్పిన. ఐదో దినం నుంచి ఎనిమిదో దినం దాక నాలుగుసార్లు. దినాం ఆరు గంటల ఫోటో తీసినంకనే. చెయ్యి తగల్లే, గరిటె కాడతో తిప్పిన. ఎప్పుడు గూడ సగమే తిప్పిన, అటుది ఇటు."

"ఎందుకమ్మా?"

"పిల్ల తీజ్ వంకరైందని నలుగురు నవ్విన్రు. సక్కగ చేద్దామని."

నాయక్ దగ్గాడు. తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేడం నన్ను తిట్టలేదు. తెర మీది గరిటెను కాసేపు చూసి పిల్లల దిక్కు తిరిగింది.

"సరే. మీ అవ్వ బుట్ట తిప్పేసింది. మీ ప్రయోగం పాడైందా, లేదా? సార్ చెప్పకూడదు, మీరే చెప్పాలి."

సీడీలో ఈ ప్రశ్న లేదు. టింగ్ అనడానికి చోటు దొరకలేదు. కమ్లి మీట మీద వేలు పెట్టి ఫోటోలను వెనక్కు, ముందుకు తిప్పింది. వెనక్కు, ముందుకు. దాని పెదాలు కదులుతున్నాయి.

"పాడు కాలే మేడం," అంది చివరికి. "బుట్ట వంకరుంది గాబట్టి ఒంగిందనుకోండ్రి, తిప్పినంక గూడ కుచ్చు దిక్కే ఒంగాలె గదా. కుచ్చు ఎటు పోయినా, తీజ్ మాత్రం కిటికీ దిక్కే తిరిగింది. నాలుగుసార్లు."

"గాలికి వంగిందేమో?"

"గాలికైతే కిటికీ నుంచి అవతలికి పోవాలె. ఇది ఎదురు వచ్చింది." నా దిక్కు చూసింది. "దాది తిప్పకపోతే మాకు గీ సంగతి తెల్వకపోవు."

రవికుమార్ సార్ గోడకు ఆనుకుని నిలబడి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

అప్పుడు నాయక్ లేచాడు. "ఆగండ్రి. అయితే మంచె మీద బుట్టలు ఎందుకు సక్కగ మొలుస్తయి? ముప్పై ఏండ్ల నుంచి చూస్తున్న, ఒక్కటి గూడ ఒంగలే." అని, ఎవరూ చెప్పకముందే తనే పైకి చూశాడు. పైన రేకుల కప్పు తప్ప ఏమీ లేదు కానీ ఆయనకు కనపడ్డట్టే ఉంది. "మీద మొత్తం ఆకాశమే," అన్నాడు మెల్లగా. "ఎటు ఒంగుతది మరి!" అని కూర్చుని, నా దిక్కు చూశాడు. "హేమ్లీ, నేనన్న మాట వాపసు తీసుకుంటున్న. పెండ్లి మాటకు నా గుమ్మం ఎక్కు. గరిటె మాత్రం తేకు."

ఈసారి మేడం కూడా నవ్వింది. నవ్వి, కమ్లిని ఇంకో ప్రశ్న అడిగింది. "ఆ ఒక్క కిటికీ కూడా మూసేస్తే ఏమవుతుంది?"

కమ్లి సార్‌ను చూడలేదు, నన్నూ చూడలేదు.

"తెల్వదు మేడం. చేసి చూడాలె."

మేడం తన పుస్తకంలో ఏదో రాసుకుని మూసింది. "చేసి చూడండి," అంది రవికుమార్ సార్‌తో. "కంప్యూటర్ ఇక్కడే ఉంటుంది. హైస్కూలుకు ఇంకోటి అడుగుతాను. ఈ ఫోటోలు మాత్రం నాకు ఒక సీడీలో వేసి ఇవ్వండి, గరిటె ఉన్నదాంతో సహా." జీపు ఎక్కబోతూ ఆగి, "పలక మీద రాసింది ఎవరు?" అని అడిగింది. నేనే అన్నాను. "ఎనిమిది చక్కగా రాశారు," అంది. ఎనిమిది నిజంగానే నాకు బాగా కుదురుతుంది.

మరునాడు పొద్దున్నే కమ్లి కొత్త బుట్ట బల్ల మీద పెట్టి, లేచి వెళ్లి ఆ ఒక్క కిటికీ కూడా మూసింది. నేను పలక తుడిచి "1వ రోజు, 7 గంటలు" అని రాశాను. ఈసారి గరిటెను వంటగదిలోనే వదిలేసి వచ్చాను.

హేమ్లి, వయసు అరవై ఒకటి. ఇప్పుడు ఉండేది సారపాకలో, మా చిన్నబ్బాయి ఇంట్లో.